రీఫండ్ రాలేదా? ముందు అది ఎక్కడ ఆగిందో చూడండి

కిందటి నవంబర్‌లో దుబాయ్ సోనాపూర్ క్యాంపుకు పోయినప్పుడు మెట్‌పల్లి దిక్కు తమ్ముడొకాయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. మేస్త్రీ పని, పదకొండేళ్ళ నుంచి ఇక్కడే. ఫోన్ తీసి ఒక రసీదు ఫోటో చూపించిండు. "అన్నా, జులైల రిటర్న్ ఫైల్ చేసిన. గిప్పుడు నవంబర్. పదమూడు వేలు రావాలె. గవర్నమెంటు నా పైసలు ఎందుకు ఆపింది?" అన్నాడు. బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం, ఫీజు రెండో వాయిదా కట్టాలి. ఈ డబ్బు వస్తదని కాలేజీ వాళ్ళకు మాట ఇచ్చిండు.

ఆయన ఒక్కడే కాదు. ఈ మధ్య జీతం బకాయిలు, పాస్‌పోర్ట్ పట్టేసుకోవడం లాంటి సమస్యల తర్వాత నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. చాలామందికి రీఫండ్ నిజంగా ఆలస్యం కావడం లేదు. మధ్యలో ఒకచోట ఆగిపోయి ఉంటున్నది. ఆగిన చోటు చూసి సరిచేస్తే తప్ప కదలదు. ఆరు నెలలు ఎదురుచూసినా, ఏడాది చూసినా అంతే.

అసలు గల్ఫ్‌లో జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కదా, మనకు రీఫండ్ ఏమిటి అని కొందరికి అనుమానం. ఇక్కడి జీతం సంగతి కాదు ఇది. ఇంటి దగ్గర మన పేరు మీద వచ్చే ఆదాయం సంగతి. మేస్త్రీ తమ్ముడిదే చెప్తా. తండ్రి పోయాక ఊళ్ళో పొలం అమ్మి అన్నదమ్ములిద్దరూ చెరి ఆరు లక్షలు పంచుకున్నారు. ఇద్దరూ ఒకే బ్యాంకులో, ఒకే రోజు, 7 శాతం వడ్డీకి ఎఫ్‌డీ వేసుకున్నారు. ఏడాదికి ఒక్కొక్కరికి 42,000 వడ్డీ. ఊళ్ళో ఉన్న అన్న 15జీ ఫారం ఇచ్చిండు, ఆయన ఆదాయం పన్ను పడేంత లేదు కాబట్టి బ్యాంకు ఒక్క రూపాయి కూడా కోయలేదు. దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి మాత్రం 13,104 రూపాయలు కోసేసింది.

అన్న రెసిడెంటు, తమ్ముడు ఎన్నారై. తేడా అంతే. ఉద్యోగం కోసం దేశం బయటికి పోయిన మన పౌరుడు ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉండే ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజులకంటే తక్కువ ఉంటే పన్ను లెక్కలో ఎన్నారై అవుతాడు. ఎన్నారైకి దేశంలో వచ్చిన డబ్బు ఎన్ఆర్‌ఓ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా వడ్డీ మీద బ్యాంకు మొదటి రూపాయి నుంచే 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం టీడీఎస్ కోస్తుంది. రెసిడెంటుకు ఉన్నట్టు ఇంత వడ్డీ దాకా కోయకూడదన్న పరిమితి ఏదీ లేదు. 15జీ ఎన్నారైలు ఇవ్వడానికి వీల్లేదు. కొందరు ఇచ్చేస్తారు, బ్యాంకు వాళ్ళు చూడకుండా తీసుకుంటారు కూడా. కానీ అందులో 'నేను రెసిడెంటును' అని సంతకం పెడుతున్నామని గుర్తుంచుకోండి. అది తప్పుడు డిక్లరేషన్ అవుతుంది.

కోసిన ఆ డబ్బు మనకు రావాల్సిందే. పాత పద్ధతిలో ఏడాదికి రెండున్నర లక్షల దాకా, కొత్త పద్ధతిలో 2024-25కు మూడు లక్షల దాకా, ఆ తర్వాతి సంవత్సరానికి నాలుగు లక్షల దాకా ఆదాయం మీద పన్ను లేదు. ఈ పరిమితి వడ్డీ ఆదాయం విషయంలో ఎన్నారైకి కూడా వర్తిస్తుంది. ఇండియాలో వేరే ఆదాయం లేకపోతే 42,000 వడ్డీ మీద పన్ను సున్నా. అంటే 13,104 మొత్తం వెనక్కి రావాలి. కానీ అడగకుండా రాదు. రిటర్న్ వేయాలి. పన్ను కట్టాల్సినంత ఆదాయం లేనివాళ్ళు రిటర్న్ వేయక్కర్లేదన్న మాట నిజమే, కానీ కోసిన డబ్బు కావాలంటే మాత్రం వేసి తీరాలి. రిటర్న్ ఎన్నారైగా ఐటీఆర్-2లో వేయాలి. ఐటీఆర్-1 రెసిడెంట్లకు మాత్రమే. ఆన్‌లైన్ సెంటర్లలో చాలామందికి ఐటీఆర్-1 ఒక్కటే అలవాటు, అందరికీ అదే కొట్టేస్తారు. బ్యాంకేమో మిమ్మల్ని ఎన్నారై అని డిపార్ట్‌మెంటుకు రిపోర్ట్ చేసి ఉంటుంది, రిటర్న్‌లో రెసిడెంట్ అని ఉంటుంది. అక్కడే మొదటి చిక్కు.

మన మేస్త్రీ తమ్ముడి రిటర్న్ ఐటీఆర్-2లోనే ఉంది, లెక్క కూడా సరిగ్గానే ఉంది. నా ఫోన్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ ఈ-ఫైలింగ్ పోర్టల్ తెరిచి, ఆయన పాన్ నంబర్, పాస్‌వర్డ్ కొట్టి, 'వ్యూ ఫైల్డ్ రిటర్న్స్' లోకి పోయి చూసినం. పాస్‌వర్డ్ కోసం ఊళ్ళో ఆయన రిటర్న్ వేసిన సెంటర్‌కు మూడుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది, అది వేరే కథ. అక్కడ కనిపించిన మాట 'పెండింగ్ ఫర్ ఈ-వెరిఫికేషన్'. అంటే రిటర్న్ పంపారు గానీ 'ఇది నేనే పంపిన' అని తమ్ముడు ధ్రువీకరించలేదు. అలాంటి రిటర్న్‌ను డిపార్ట్‌మెంటు ముట్టుకోదు. ఆయన నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నది ఇంకా వేయని రిటర్న్ కోసం అన్నమాట.

ఎందుకు ఆగిందంటే, వెరిఫై చేయడానికి ఆధార్ ఓటీపీ కావాలి. అది ఆధార్‌కు లింక్ అయిన ఇండియా నంబర్‌కు పోతుంది. ఆ సిమ్ రీచార్జ్ లేక రెండేళ్ళ కింద బంద్ అయింది. సెంటర్ అబ్బాయి "ఓటీపీ తర్వాత చెప్పండి" అని రసీదు చేతిలో పెట్టిండు. రసీదు వచ్చింది కదా, పని అయిపోయిందనుకున్నాడు ఈయన.

రిటర్న్ పంపిన నాటి నుంచి 30 రోజుల్లో వెరిఫై చేయాలి. ఆ గడువు దాటితే, ఎప్పుడు వెరిఫై చేస్తే ఆ రోజే రిటర్న్ వేసినట్టు లెక్క. అంటే జులైలో వేసిన రిటర్న్ నవంబర్‌ది అవుతుంది, గడువు దాటిన రిటర్న్ కింద పడుతుంది. గడువు దాటిన రిటర్న్‌కు లేట్ ఫీజు ఉంటుంది కానీ ఆదాయం పన్ను పరిమితి కంటే తక్కువుంటే అది పడదు. 2024-25 ఆదాయానికి అలా ఆలస్యంగా వేసుకునే చివరి తేదీ 2025 డిసెంబర్ 31. మేం చూసింది నవంబర్ మొదటి వారం. ఇంకో రెండు నెలలు "గవర్నమెంటు ఆపింది" అనుకుంటూ కూర్చుంటే ఈ పదమూడు వేలకు పెద్ద తిప్పలయ్యేది.

ఆధార్ నంబర్ లేకపోయినా దారులు ఉన్నాయి. నెట్ బ్యాంకింగ్ ఉంటే దాని లోపలి నుంచే ఈ-ఫైలింగ్‌లోకి పోయి వెరిఫై చేయొచ్చు. అదీ లేకపోతే కాగితం దారి. ఐటీఆర్-వీ అని ఒక్క పేజీ ఫారం డౌన్‌లోడ్ అవుతుంది. ప్రింట్ తీసి, నీలి ఇంకుతో సంతకం పెట్టి, బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్‌కు, పిన్ 560500, స్పీడ్ పోస్ట్‌లో పంపాలి. రిటర్న్ కాగితాలు, బ్యాంకు కాగితాలు ఏవీ జత చేయొద్దు. ఆ ఒక్క పేజీ చాలు. మేస్త్రీ తమ్ముడికి నెట్ బ్యాంకింగ్ లేదు. టైపింగ్ సెంటర్‌లో ప్రింట్ తీసి సంతకం పెట్టిస్తే, అదే రాత్రి కోరుట్లకు ఛుట్టీ మీద పోతున్న ఒకాయన సంచిలో పెట్టుకొని తీసుకుపోయిండు. తమ్ముడి ఇంటామె మెట్‌పల్లి పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్ట్ చేసి రసీదు ఫోటో వాట్సాప్ పెట్టింది. ఆ రసీదు పారేయొద్దని చెప్పిన. కొద్ది రోజులకు పోర్టల్‌లో మాట మారింది, వెరిఫై అయినట్టు చూపించింది.

ఛుట్టీ మీద ఇంటికి పోయినప్పుడు పెళ్ళిళ్ళు, పేరంటాలతో పాటు ఒక పూట ఈ పనికి కూడా పెట్టుకోండి. ఆధార్ సెంటర్‌కు పోయి, ఇప్పుడు నడుస్తున్న నంబర్‌ను ఆధార్‌కు ఎక్కించుకోండి. ఆ సిమ్ ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా వేసి, బంద్ కాకుండా రీచార్జ్ చేయించండి. కొన్నాళ్ళు వాడకపోతే కంపెనీ ఆ నంబర్‌ను వేరేవాళ్ళకు ఇచ్చేస్తుంది. మన ఓటీపీలు ముఖం తెలియని మనిషికి పోతుంటాయి.

వెరిఫై అయి, ప్రాసెస్ కూడా అయి, 'రీఫండ్ ఫెయిల్డ్' అని వచ్చేవాళ్ళు ఇంకో రకం. వీళ్ళది బ్యాంకు ఖాతా సమస్య. ఇప్పుడు రీఫండ్ చెక్కుల రూపంలో రాదు. పోర్టల్‌లో ముందే 'ప్రీ-వాలిడేట్' చేసిన, పాన్ లింక్ ఉన్న మన సొంత ఖాతాకు మాత్రమే వస్తుంది. భార్య ఖాతా, అన్న ఖాతా ఇస్తే రాదు. ఎన్ఆర్‌ఓ ఖాతా ఇవ్వొచ్చు, అందులోనే టీడీఎస్ కోశారు కాబట్టి అదే మంచిది.

మన తెలుగోళ్ళకు ఇక్కడ రెండు ప్రత్యేకమైన ఇబ్బందులు. ఒకటి ఇంటిపేరు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌బుక్‌లో పొడి అక్షరం ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ముందుది వెనక్కి, వెనకది ముందుకు పోయి ఉంటుంది. మనిషికి ఒక్కడే అని తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు. వాలిడేషన్ ఫెయిల్ అంటుంది. పాన్‌లో ఎలా ఉందో అలాగే బ్యాంకులో రాయించుకోవడం తేలిక. రెండోది పాత బ్యాంకులు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసినయి. గ్రామీణ బ్యాంకులు కూడా ఈమధ్య ఒకదాంట్లో ఒకటి కలిసినయి. 2015లో పాస్‌బుక్ తీసుకొని దుబాయ్ వచ్చినోడు ఇప్పటికీ అందులోని ఐఎఫ్ఎస్‌సీ కోడే ఇస్తాడు. ఆ కోడ్ ఇప్పుడు లేదు. బ్యాంకుకు ఫోన్ చేసి కొత్త కోడ్ కనుక్కొని, పోర్టల్‌లో ఖాతాను మళ్ళీ వాలిడేట్ చేసి, 'రీఫండ్ రీఇష్యూ' రిక్వెస్ట్ పెట్టాలి. రిటర్న్ మళ్ళీ వేయాల్సిన పని లేదు. ఈ సంగతి తెలియక కొందరు దీనికి కూడా ఏజెంట్లకు రెండేసి వేలు ఇచ్చుకుంటున్నారు.

మూడో చోటు పాన్ కార్డే. ఆధార్‌తో లింక్ కాని పాన్‌లు 2023 జులై 1 నుంచి పనిచేయకుండా అయినయి. ఎన్నారైలకు లింక్ తప్పనిసరి కాదు. కానీ మనం ఎన్నారై అని డిపార్ట్‌మెంటు రికార్డులో లేకపోతే మన పాన్‌ను కూడా రెసిడెంట్లతో పాటు ఆపేశారు. పాన్ ఆగిన కాలంలో రీఫండ్ ఇవ్వరు, ఆ కాలానికి వడ్డీ కూడా ఇవ్వరు, పైగా టీడీఎస్ ఎక్కువ రేటులో కోస్తారు. పోర్టల్‌లో 'వెరిఫై పాన్ స్టేటస్' నొక్కితే పాన్ నడుస్తున్నదా లేదా తెలుస్తుంది. ఆగి ఉంటే రెండు దారులు. ఆధార్ ఉండి వివరాలు సరిపోతే వెయ్యి రూపాయల ఫీజు కట్టి లింక్ చేసుకోవడం. లేదా మీ పాన్ ఏ అధికారి కింద ఉందో పోర్టల్‌లో చూసి, ఆ అధికారికి పాన్ కాపీ, దేశం బయట ఉన్నట్టు ముద్రలు కనిపించేలా పాస్‌పోర్ట్ కాపీ పంపి, ఎన్నారైగా రాసుకోమని కోరడం.

పాత బాకీ ఉంటే రీఫండ్‌ను దానికి జమ చేసుకుంటారు. అంతకుముందు పోర్టల్‌లో నోటీసు పెడతారు, జవాబుకు గడువు ఇస్తారు. బాకీ తప్పయితే 'ఒప్పుకోను' అని కారణం రాయాలి. నోటీసు ఈమెయిల్‌కు వస్తుంది. రిటర్న్‌లో ఉన్న ఈమెయిల్ ఎవరిది? చాలావరకు సెంటర్ అబ్బాయిది. అది మార్చుకోండి.

ఇంకొక మాట, రిటర్న్ వేసే ముందు 26ఏఎస్ చూడండి. బ్యాంకు కోసిన డబ్బు మీ పాన్ మీద డిపార్ట్‌మెంటులో జమ అయిందా అనేది అందులో తెలుస్తుంది. జనవరి నుంచి మార్చి వరకు కోసిన టీడీఎస్ లెక్క బ్యాంకులు మే 31 లోపు ఇస్తాయి. ఏప్రిల్‌లోనే తొందరపడి రిటర్న్ వేస్తే ఆ లెక్క అందులో ఉండదు. జూన్ సగం దాటాక వేయడం నయం. అప్పటికీ కనిపించకపోతే తప్పు బ్యాంకు దగ్గర ఉంది, బ్యాంకును అడగాలి. డిపార్ట్‌మెంటును తిట్టి లాభం లేదు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా రాకపోతే ఎంతకాలం ఆగాలి? చట్టం డిపార్ట్‌మెంటుకు చాలా పెద్ద గడువే ఇచ్చింది. రిటర్న్ వేసిన ఆర్థిక సంవత్సరం ముగిసినాక తొమ్మిది నెలల్లోపు ప్రాసెస్ చేయాలి. 2025లో జులైలో వేసినా, డిసెంబర్‌లో వేసినా, వాళ్ళకు 2026 డిసెంబర్ 31 దాకా టైమ్ ఉన్నట్టే. మామూలుగా చిన్న రీఫండ్లు వారాల్లోనే వచ్చేస్తాయి, కానీ అది వాళ్ళ దయ, మన హక్కు ఆ తేదీ నుంచే మొదలవుతుంది. అందుకే ఈ డబ్బును నమ్ముకొని ఫీజులకు, పెళ్ళిళ్ళకు తేదీలు పెట్టుకోవద్దని నేను అందరికీ చెప్తా. నాకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. కోయడానికి ఒక్క రోజు కూడా ఆగరు, ఇవ్వడానికి ఏడాదిన్నర. అయితే ఆలస్యానికి నెలకు అర శాతం చొప్పున వడ్డీ ఇస్తారు. గడువులో రిటర్న్ వేస్తే ఏప్రిల్ 1 నుంచి, గడువు దాటి వేస్తే వేసిన రోజు నుంచి లెక్క. వెరిఫై ఆలస్యమైతే ఇక్కడ కూడా నష్టమే.

అడగాలంటే పోర్టల్‌లోనే 'గ్రీవెన్సెస్' ఉంది, అక్కడ ఫిర్యాదు పెట్టి నంబర్ రాసుకోండి. ఇండియా టోల్‌ఫ్రీ నంబర్లు గల్ఫ్ నుంచి కలవవు, హెల్ప్‌డెస్క్ మామూలు నంబర్ +91-80-46122000కు చేయొచ్చు. పాన్ నంబర్, రసీదు నంబర్ దగ్గర పెట్టుకొని చేయండి.

ఎదురుచూసే మనిషి దగ్గరికి మోసగాళ్ళు తొందరగా వస్తారు. "మీ రీఫండ్ 15,490 మంజూరైంది, ఈ లింక్ నొక్కి ఖాతా నంబర్ ఇవ్వండి" అని మెసేజ్ వస్తుంది. డిపార్ట్‌మెంటు లింక్ పంపి కార్డు నంబర్, పిన్, ఓటీపీ అడగదు. ఖాతా వివరాలు మనమే పోర్టల్‌లో పెట్టుకోవాలి, ఇంకో దారి లేదు. రెండో రకం మోసగాడు మన మధ్యనే ఉంటాడు. "పదమూడు ఏంది, ముప్పై వేలు తెప్పిస్తా, నాకు పావు వంతు ఇయ్యి" అంటాడు. లేని ఇంటి అద్దె, ఇవ్వని పార్టీ చందాలు రాసి రీఫండ్ పెంచుతాడు. 2025 జులైలో ఇలాంటి దొంగ క్లెయిమ్‌ల మీద ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు దేశంలో 150 చోట్ల తనిఖీలు చేశారు. నోటీసు వచ్చేది ఏజెంటుకు కాదు, రిటర్న్ మీద పేరున్న మనకు.

ప్లాటో ఇల్లో అమ్మేవాళ్ళకు ఒక హెచ్చరిక. అమ్మేది ఎన్నారై అయితే కొనేవాడు టీడీఎస్ కోయాలి. రెండేళ్ళు దాటిన ఆస్తి అయితే 2024 జులై 23 తర్వాత జరిగిన అమ్మకాలకు సెస్సుతో కలిపి 13 శాతం. తక్కువ కోయమని డిపార్ట్‌మెంటు నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, లాభం మీద మాత్రమే కాకుండా మొత్తం ధర మీద కోసేస్తారు. 20 లక్షల ప్లాటుకు 2 లక్షల 60 వేలు. ఇది మాత్రం ఆన్‌లైన్ సెంటర్‌కు వదిలేయకండి, అమ్మకం ముందే ఆడిటర్ దగ్గరికి పోండి.

అసలు రీఫండ్ అవసరమే రాకుండా చేసుకోవడం అన్నింటికంటే మేలు. గల్ఫ్ నుంచి పంపే జీతం డబ్బును ఎన్ఆర్‌ఈ ఖాతాలో వేసి, అక్కడే ఎఫ్‌డీ చేస్తే, ఎన్నారైగా ఉన్నంతకాలం ఆ వడ్డీ మీద ఇండియాలో పన్ను లేదు, టీడీఎస్ కూడా లేదు. పొలం డబ్బు, అద్దె లాంటి ఇండియా డబ్బు మాత్రం ఎన్ఆర్‌ఓలోనే వేయాలి. జీతం డబ్బు కూడా ఎన్ఆర్‌ఓలో ఎఫ్‌డీ వేసి ఏటా 31.2 శాతం కోయించుకుంటున్నవాళ్ళు ప్రతి క్యాంపులో కనిపిస్తున్నారు. మీ ఎఫ్‌డీ కాగితం మీద ఏ అక్షరాలున్నాయో ఒకసారి చూసుకోండి.

పాత సంవత్సరాలవి అసలు వేయనివాళ్ళకు కూడా దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఆలస్యాన్ని మన్నించమని కారణం, ఆధారాలతో దరఖాస్తు పెట్టొచ్చు. అసెస్‌మెంట్ ఇయర్ ముగిసినాక ఐదేళ్ళ లోపు అడగాలి. మన్నించడం, మన్నించకపోవడం అధికారి చేతిలో ఉంటుంది. కంపెనీ పాస్‌పోర్ట్ పట్టుకోవడం, ఆసుపత్రిలో ఉండటం లాంటి కారణాలకు కాగితాలుంటే తప్పకుండా జతచేయండి.

మేస్త్రీ తమ్ముడికి ఫిబ్రవరి మొదటి వారంలో పదమూడు వేల చిల్లర, దాని మీద రెండు వందలకు కొంచెం తక్కువ వడ్డీ వచ్చింది. జులైలోనే వెరిఫై చేసి ఉంటే వడ్డీ ఇంకా ఎక్కువ వచ్చేది. బిడ్డ ఫీజు డిసెంబర్‌లోనే క్యాంపు చిట్టీ ఎత్తి కట్టేసిండు. వచ్చిన పైసలు ఆ చిట్టీ వాయిదాలకు పోతున్నాయి. నిన్న ఫోన్ చేసి, పై సంవత్సరానిది కాగితం దారిలో కాకుండా నెట్ బ్యాంకింగ్‌లో చేద్దామన్నాడు. దాని ఫారం కోసం బ్యాంకుకు ఆయన ఇంటామె రేపు పోతున్నది.